థైమస్ గ్రంథి చరిత్ర: మొదటి రోజు తీసేస్తే ఒక జబ్బు, మూడో రోజు తీసేస్తే ఇంకో జబ్బు

2025 అక్టోబర్ 6న వైద్యశాస్త్ర నోబెల్ ప్రకటించగానే మనందరి కరెంట్ అఫైర్స్ నోట్స్‌లో దాదాపు ఒకే రెండు లైన్లు చేరాయి. మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచి. పెరిఫెరల్ ఇమ్యూన్ టాలరెన్స్ మీద పరిశోధన. ప్రిలిమ్స్‌లో జతపరచమంటే ఇది చాలు. మెయిన్స్‌లో జీఎస్-3కి, అంతకన్నా ఎస్సే పేపర్‌కి, ఇది చాలదు. ఆ బహుమతి వెనక ఉన్న అసలు కథ థైమస్ అనే చిన్న గ్రంథిది. డాక్టర్లు ఒక కాలంలో దాన్ని ప్రమాదకరమన్నారు, ఎక్స్-రేలతో కాల్చారు, ఇంకో కాలంలో పనికిరానిదన్నారు. చివరికి అది సరిగ్గా పనిచేయకపోతే మన ఒళ్లే మన మీద తిరగబడుతుందని తెలుసుకున్నారు. సైన్స్ అండ్ టెక్ సిలబస్‌లో ఇన్ని మలుపులున్న అధ్యాయం ఇంకోటి ఉందని నేననుకోను.

నేను రాస్తున్నది సూరత్ నుంచి. లింబాయత్ వైపు మరమగ్గాల మీద బతికే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, మాదీ అందులో ఒకటి. సూరత్ అనగానే మన పుస్తకాల్లోంచి రెండు సంవత్సరాలు గుర్తొస్తాయి: 1907 కాంగ్రెస్ చీలిక, 1994 ప్లేగు. ప్లేగు బయటి శత్రువు. చెత్త ఎత్తించి, కాలువలు కడిగించి, 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు ఈ ఊరిని నిలబెట్టారు. అది మనకి గవర్నెన్స్ కేస్ స్టడీ. 1907 సంగతి వేరు, అక్కడ కొట్లాట సొంత పందిట్లోనే జరిగింది. రోగనిరోధక వ్యవస్థకి కూడా ఈ రెండు సమస్యలూ ఉన్నాయి. మొదటిదాని గురించి, అంటే క్రిములు, టీకాలు, ప్రతిరక్షకాల గురించి, మనం స్కూల్ నుంచీ చదువుతున్నాం. రెండోదాని గురించి మాత్రం ఎన్‌సీఈఆర్‌టీలో నాలుగు వాక్యాలు దాటవు.

రెండో సమస్య ఎక్కడ మొదలవుతుందో ముందు చూద్దాం. రేపు ఏ క్రిమి వస్తుందో శరీరానికి తెలియదు. అందుకే మన టీ-కణాల మీద ఉండే రిసెప్టర్లు ఒక ప్లాన్ ప్రకారం తయారు కావు. జన్యు ముక్కలు గుడ్డిగా కలిసి, ఒక్కో కణానికి ఒక్కో రకం రిసెప్టర్ వస్తుంది. కొత్త క్రిమిని పట్టుకునే కణం ఎక్కడో ఒకటి ఉంటుందన్న భరోసా ఇలా దొరుకుతుంది. కానీ గుడ్డిగా కలిపినప్పుడు సొంత క్లోమానికో, సొంత థైరాయిడ్‌కో సరిగ్గా అతుక్కునే రిసెప్టర్లు కూడా పుట్టి తీరతాయి. వాటిని ఎవరు ఆపుతున్నారు?

ఈ ప్రశ్నని మొదట గట్టిగా అడిగింది జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్. 1900 ప్రాంతంలో ఆయన, ఆయన సహచరుడు మోర్గెన్‌రోత్ మేకలకి వేరే మేకల రక్తం ఎక్కించి చూశారు. పరాయి మేక రక్తకణాల మీద ప్రతిరక్షకాలు పుట్టాయి, సొంత కణాల మీద పుట్టలేదు. శరీరానికి తనని తాను విషపూరితం చేసుకోవడమంటే భయమని ఎర్లిక్ దానికి లాటిన్‌లో ఒక పేరు పెట్టారు: హారర్ ఆటోటాక్సికస్. తనని దెబ్బతీసుకోకుండా శరీరంలో ఏదో ఏర్పాటు ఉందన్నది ఆయన ఉద్దేశం. తర్వాతి తరం దాన్ని వేరేగా చదువుకుంది: శరీరం తన మీద తాను దాడి చేయడం అసాధ్యం, కాబట్టి అలాంటి జబ్బు ఉండదు. 1904లోనే డొనాత్, లాండ్‌స్టైనర్ ఒక రక్త వ్యాధిలో సొంత కణాలని పగలగొట్టే ప్రతిరక్షకాలని చూపించారు. బ్లడ్ గ్రూపుల లాండ్‌స్టైనర్ ఈయనే. అయినా పెద్దగా ఎవరూ కదలలేదు. 1956లో విటెబ్‌స్కీ, నోయెల్ రోజ్ కుందేళ్లలో, రోయిట్, డోనియాక్ బృందం హషిమోటో థైరాయిడ్ రోగుల్లో సొంత థైరాయిడ్ మీద ప్రతిరక్షకాలని చూపించాకే ఆటోఇమ్యూన్ జబ్బు అన్న మాట వైద్యంలో నిలబడింది. పేరున్న మనిషి మాట సగం అర్థమైతే యాభై ఏళ్లు పోతాయి.

ఇక థైమస్. రొమ్ము ఎముక వెనక, గుండెకి కాస్త పైన ఉంటుంది. పసిపిల్లల్లో పెద్దగా ఉండి, యవ్వనం నుంచి కుంచించుకుపోతూ కొవ్వుగా మారుతుంది. దీని విషయంలో వైద్యం చేసిన అతి పెద్ద పొరపాటు ప్రయోగశాలలో కాదు, శవాల గదిలో జరిగింది. జీఎస్-4 చదివేవాళ్లు ఇక్కడ కాస్త ఆగండి.

బ్రిటన్‌లో 1832 అనాటమీ చట్టం తర్వాత, తీసుకెళ్లేవాళ్లు లేని శవాలు వైద్య కళాశాలలకి వెళ్లేవి. అంటే వర్క్‌హౌసుల్లో, ధర్మాసుపత్రుల్లో చనిపోయిన నిరుపేదల శవాలు. ఆకలి, దీర్ఘకాలం జబ్బు, శరీరం మీద ఒత్తిడి థైమస్‌ని కరిగించేస్తాయి. కాబట్టి డాక్టర్లు సాధారణ సైజు అనుకున్నది నిజానికి పేదరికం నమిలేసిన సైజు. అప్పటిదాకా బాగానే ఉండి నిద్రలో హఠాత్తుగా చనిపోయిన పసిబిడ్డలకి పోస్ట్‌మార్టం చేస్తే థైమస్ పెద్దగా కనిపించేది. ఆ బిడ్డలది మామూలు సైజే. కానీ ఈ పెద్ద థైమస్సే ఊపిరి ఆడకుండా చేసి చంపిందని తీర్మానించారు. 1889లో వియన్నాలో పాల్టాఫ్ దీనికి స్టేటస్ థైమికోలింఫాటికస్ అని పేరు కూడా పెట్టారు.

పేరు పెట్టాక చికిత్స రాకుండా ఉంటుందా? 1907లో అమెరికాలోని సిన్సినాటీలో ఫ్రీడ్‌లాండర్ ఒక పసిబిడ్డ థైమస్‌ని ఎక్స్-రేలతో కుదించారు. అక్కడి నుంచి ఇది వ్యాపించింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి కూడా ముందు జాగ్రత్త పేరుతో గొంతు కింద రేడియేషన్ ఇచ్చారు. 1931లో బ్రిటిష్ కమిటీ ఒకటి ఇలాంటి జబ్బు ఉందనడానికి ఆధారం లేదని తేల్చినా, అమెరికాలో ఆచారం ఇంకా కొన్నేళ్లు నడిచింది. 1950లో డఫీ, ఫిట్జ్‌జెరాల్డ్ థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లల రికార్డులు తిరగేస్తే, అందులో చాలామందికి పసితనంలో థైమస్ మీద ఎక్స్-రే పడిందని బయటపడింది. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో అలాంటి పిల్లలని దశాబ్దాల పాటు గమనించారు. థైరాయిడ్ క్యాన్సరే కాదు, ఆడపిల్లల్లో పెద్దయ్యాక రొమ్ము క్యాన్సర్ కూడా ఎక్కువగా కనిపించింది. పేదల శవాలని కొలబద్దగా పెట్టుకుని, ఆ కొలత తప్పని తెలియక, ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి జబ్బు తెచ్చారు. శాంపిల్ ఎవరిది అని అడగని డేటా ఎంత ప్రమాదమో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ ఎక్కడా దొరకలేదు.

అసలు పని తెలిసింది 1961లో. ఫ్రాన్స్‌లో పుట్టి, కొంతకాలం షాంఘైలో, తర్వాత ఆస్ట్రేలియాలో పెరిగిన జాక్ మిల్లర్ అప్పుడు లండన్‌లో ఎలుకల రక్త క్యాన్సర్ మీద పనిచేస్తున్నారు. ఆ క్యాన్సర్ థైమస్‌లో మొదలవుతుంది. అందుకని ఆయన పుట్టిన కొన్ని గంటల్లోనే చిట్టెలుకల థైమస్ తీసేశారు. పెద్ద ఎలుకల్లో తీస్తే ఏమీ కాదని అందరికీ తెలుసు. ఇక్కడ మాత్రం పాలు మానే వయసు దాటాక పిల్లలు చిక్కిపోయి చచ్చిపోసాగాయి. లింఫోసైట్లు దాదాపు లేవు. వేరే జాతి ఎలుక చర్మం అంటించినా శరీరం అభ్యంతరం చెప్పలేదు. పెద్ద ఎలుకలో ఏమీ కాకపోవడానికి కారణం, అప్పటికే థైమస్ తన కణాలని ఒళ్లంతా పంపేసి ఉండటం. మిల్లర్ మాట వెంటనే ఎవరూ ఒప్పుకోలేదు. నోబెల్ గ్రహీత పీటర్ మెడవార్ అంతటివాడు థైమస్‌లో లింఫోసైట్లు ఉండటం పరిణామక్రమంలో జరిగిన ఒక యాదృచ్ఛిక సంఘటన, పెద్ద అర్థం లేనిది అన్న ధోరణిలో మాట్లాడారు. టీ-కణం పేరులోని టీ థైమస్‌దే.

ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బర్నెట్ అప్పటికే ఒక ఊహ ముందుపెట్టారు: సొంత శరీరం మీద గురిపెట్టే కణాలు చిన్నప్పుడే చచ్చిపోతాయి. ఆ చావు థైమస్‌లో జరుగుతుందని 1987లో డెన్వర్‌లో జాన్ కాప్లర్, ఫిలిప్పా మారక్ ఎలుకల్లో చూపించారు.

థైమస్‌లో జరిగేది ఇదీ. ఎముక మజ్జ నుంచి వచ్చిన పిల్ల కణాలకి ఇక్కడ రిసెప్టర్లు వస్తాయి. వాటికి సొంత శరీరపు ప్రొటీన్ ముక్కలు చూపిస్తారు. రిసెప్టర్‌కి అసలు ఏ సిగ్నలూ అందకపోతే ఆ కణం కొద్ది రోజుల్లో దానంతట అదే చచ్చిపోతుంది. బలహీనమైన సిగ్నల్ అందితే బతుకుతుంది, ఎందుకంటే అది మన కణాల భాష చదవగలదు, కానీ మన మీద పడదు. సిగ్నల్ మరీ బలంగా ఉంటే కణం లోపల ఆత్మహత్య కార్యక్రమం మొదలవుతుంది. నూటికి 95కి పైగా కణాలు థైమస్ గుమ్మం దాటవు. వాటిలో ఎక్కువ భాగం దేశద్రోహులు కావు, సిగ్నలే అందనివి. కోచింగ్ మెటీరియల్స్ చాలావాటిలో ఈ తేడా కలిపేస్తున్నారు, గమనించండి. ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లకి ఇది కంపారేటర్ సర్క్యూట్‌లా అనిపిస్తుంది: వైరు ఒకటే, ఓల్టేజీని బట్టి ఫలితం మారుతుంది.

ఇక్కడో చిక్కు ఉంది. థైమస్ ఉన్నది ఛాతీలో. ఇన్సులిన్ తయారయ్యేది క్లోమంలో. ఛాతీలో కూర్చుని ఇన్సులిన్ మీద దాడి చేసే కణాన్ని ఎలా కనిపెట్టడం? జవాబు ఒక అరుదైన జబ్బు నుంచి వచ్చింది. ఫిన్లాండ్‌లో కాస్త ఎక్కువగా కనిపించే ఏపీఎస్-1 అనే వంశపారంపర్య వ్యాధిలో పారాథైరాయిడ్, అడ్రినల్ లాంటి గ్రంథులు ఒకదాని తర్వాత ఒకటి దెబ్బతింటాయి. 1997లో రెండు బృందాలు దానికి కారణమైన జన్యువుని 21వ క్రోమోజోమ్ మీద పట్టుకున్నాయి, పేరు ఎయిర్. 2002లో బోస్టన్‌లో డయాన్ మాథిస్, క్రిస్టోఫ్ బెన్వా బృందం అది చేసే పని చూపించింది. థైమస్ లోపలి కొన్ని కణాలు ఈ జన్యువు సాయంతో శరీరంలో వేరే చోట్ల మాత్రమే తయారయ్యే వేల రకాల ప్రొటీన్లని కొద్ది కొద్దిగా తామే తయారుచేసి చూపిస్తాయి. మా సూరత్ మార్కెట్ భాషలో చెప్పాలంటే ఇది షేడ్ కార్డు. గోడౌన్‌లో ఉన్న బట్టలన్నీ మోసుకురానక్కర్లేదు, ఒక్కో ముక్క అతికించిన కార్డు ఉంటే చాలు. ఇంకో విషయం నాకు చాలా నచ్చింది: ఈ షేడ్ కార్డు కణాలు పూర్తిగా ఎదగాలంటే పరీక్షకి వచ్చిన పిల్ల టీ-కణాల నుంచే వాటికి సిగ్నల్ రావాలి. పరీక్ష రాసేవాళ్లు ఎగ్జామినర్‌ని తయారుచేస్తున్నారన్నమాట.

ఇక్కడితో కథ పూర్తయిపోవాలి. చెడ్డవాటిని పుట్టినచోటే ఏరేస్తే బయట గొడవ ఉండకూడదు. కానీ దీన్ని కుదరనివ్వని ప్రయోగం ఒకటి 1969 నుంచే అచ్చులో ఉంది. జపాన్‌లోని నగోయాలో ఐచి క్యాన్సర్ సెంటర్‌లో నిషిజుకా, సకకురా ఎలుకల థైమస్‌ని పుట్టిన మూడో రోజు తీశారు. మిల్లర్ ఎలుకల్లా ఇవి రక్షణ లేక చావలేదు. వాటి అండాశయాలు నాశనమయ్యాయి. మొదట హార్మోన్ల లోపం అనుకున్నారు. తర్వాత చూస్తే అది ఆటోఇమ్యూన్ దాడి. ఏడో రోజు తీస్తే ఈ జబ్బు రాలేదు.

ఒకసారి ఈ లెక్క మీద ఆలోచించండి. మొదటి రోజు తీస్తే సైన్యమే లేదు. మూడో రోజు తీస్తే సైన్యం సొంత ఊరి మీద పడింది. వారం ఆగి తీస్తే అంతా మామూలు. అంటే థైమస్ నుంచి దాడి చేయగల కణాలు ముందు బయల్దేరుతున్నాయి, వాటిని అదుపులో పెట్టే వేరే కణాలు కాస్త వెనక వస్తున్నాయి. మూడో రోజు కత్తి పడితే ఆ వెనక వచ్చేవాళ్లు బండి ఎక్కలేదు. అలాగే, థైమస్‌లో ఏరివేత నూటికి నూరు పాళ్లు జరగదని కూడా దీనర్థం. జరిగితే కాపలా అవసరమే ఉండదు.

షిమోన్ సకగుచి క్యోటోలో వైద్యం చదివి, ఈ ప్రయోగం కోసమే నిషిజుకా దగ్గర చేరారు. మామూలు ఎలుకల నుంచి టీ-కణాలు తీసి మూడో రోజు ఆపరేషన్ అయిన ఎలుకలకి ఎక్కిస్తే జబ్బు ఆగింది. అయితే ఆయన కాలం మంచిది కాదు. 1970లో యేల్‌లో గెర్షన్ సప్రెసర్ టీ-కణాలనే ఊహ తెచ్చారు. పదేళ్ల పాటు అదే ఫ్యాషన్, పేపర్ల మీద పేపర్లు. వాటికి గుర్తుగా ఐ-జే అనే జన్యువు ఉందన్నారు. 1983లో ఆ చోట డీఎన్‌ఏ చదివి చూస్తే అలాంటి జన్యువే లేదు. మొత్తం రంగం నవ్వులపాలైంది. అణిచే కణాలు అన్న మాట ఎత్తితే గ్రాంటు రాని రోజుల్లో సకగుచి అదే పట్టుకుని కూర్చున్నారు. 1995లో ఆ కణాలకి ఒక గుర్తు చూపించారు: పైన సీడీ25 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉంటుంది. అవి తీసేసి మిగతావి ఎక్కిస్తే ఎలుకకి అనేక అవయవాల్లో ఆటోఇమ్యూన్ జబ్బు, కలిపి ఎక్కిస్తే ఏమీ లేదు. సీడీ25 అంటే ఇంటర్‌ల్యూకిన్-2 అనే సిగ్నల్‌ని అందుకునే రిసెప్టర్‌లో ఒక భాగం. థైమస్‌లో కాస్త బలమైన సిగ్నల్ అందుకుని కూడా చావకుండా మిగిలిన కొన్ని కణాలు, ఈ ఇంటర్‌ల్యూకిన్-2 సాయంతో, దాడి చేసేవిగా కాక కాపలాదారులుగా మారతాయి. వీటినే ఇప్పుడు రెగ్యులేటరీ టీ-కణాలు అంటున్నాం.

మిగతా సగం అమెరికా నుంచి వచ్చింది. 1949లో ఓక్ రిడ్జ్‌లో పొలుసుల చర్మంతో, కొన్ని వారాలకే చనిపోయే మగ ఎలుకలు పుట్టాయి. స్కర్ఫీ అని పేరు పెట్టి ఆ వంశాన్ని కాపాడుకుంటూ వచ్చారు. ఓక్ రిడ్జ్ పేరు మనకి మాన్‌హటన్ ప్రాజెక్ట్‌లో తగులుతుంది. 1990లలో ఒక చిన్న బయోటెక్ కంపెనీలో బ్రంకో, రామ్స్‌డెల్ ఆ లోపం ఏ జన్యువులో ఉందో వెతికారు. ఎక్స్ క్రోమోజోమ్ మీద సుమారు 5 లక్షల అక్షరాల ముక్కలో 20 జన్యువులు మిగిలితే, ఒక్కొక్కటీ చూస్తూ పోగా లోపం ఇరవయ్యోదానిలో దొరికింది. అదే ఫాక్స్‌పీ3. మనుషుల్లో అదే జన్యువు చెడితే మగపిల్లలకి ఐపెక్స్ అనే ఘోరమైన ఆటోఇమ్యూన్ వ్యాధి వస్తుందని 2001లో తేలింది. రెండేళ్లకి సకగుచి బృందంతో పాటు ఇంకా కొందరు, కాపలా కణాలని కాపలా కణాలుగా చేసేది ఫాక్స్‌పీ3 అని చూపించారు.

పరీక్ష కోణంలో ఒక ట్రాప్ చెప్పి ముందుకెళ్తాను. థైమస్‌లో ఏరివేతని సెంట్రల్ టాలరెన్స్ అంటారు, బయట కాపలాని పెరిఫెరల్ టాలరెన్స్ అంటారు. నోబెల్ రెండోదానికి. కానీ ఆ కాపలా కణాల్లో ప్రధాన భాగం తయారయ్యేది థైమస్‌లోనే. స్టేట్‌మెంట్ ప్రశ్నలో థైమస్‌కి సంబంధం లేదు అని ఇస్తే టిక్కు పెట్టకండి.

థైమస్ సిగ్నల్ తప్పితే ఎంత దూరం పోతుందో కోవిడ్ చూపించింది. ఏపీఎస్-1 రోగుల్లో వైరస్‌తో పోరాడే ఇంటర్‌ఫెరాన్ల మీదే ప్రతిరక్షకాలు ఉంటాయని అప్పటికే తెలుసు. 2020లో ఒక అంతర్జాతీయ బృందం ప్రాణాపాయ స్థితిలో ఉన్న 987 మంది కోవిడ్ న్యుమోనియా రోగులని చూస్తే, 101 మందిలో అలాంటి ప్రతిరక్షకాలే దొరికాయి. బయటి శత్రువు, లోపలి తగవు ఒకే ఒంట్లో కలిశాయి. 2024లో అమెరికా ఎన్‌ఐహెచ్ బృందం ఏపీఎస్-1 అవయవ నష్టంలో ఇంటర్‌ఫెరాన్-గామా అతిగా పనిచేయడం పెద్ద కారణమని చూపి, ఆ సిగ్నల్‌ని అడ్డుకునే రక్సోలిటినిబ్ అనే మందుతో ఐదుగురు రోగుల్లో మెరుగుదల సాధించింది.

మన ఇళ్లలో ఈ జబ్బులకి వాడేది ఇంత సూటి మందు కాదు. మా మేనత్తకి కీళ్లవాతం, రుమటాయిడ్ ఆర్థరైటిస్. పొద్దున్నే వేళ్లు ముడుచుకోక మగ్గం మీద తెగిన దారం ముడివేయలేదు. వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్ మాత్ర ఆమె క్యాలెండర్‌లో ఆదివారం మీద సున్నా చుట్టి ఉంటుంది. ఈ మందు మూలం భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి దగ్గరుంది. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులు తయారుచేసింది. అందులో అమినోప్టెరిన్‌ని సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌కి వాడారు. 1948 ఆగస్టులో సుబ్బారావు చనిపోయారు. 1951లో గబ్నర్ అదే అమినోప్టెరిన్‌ని కీళ్లవాతానికి ఇచ్చి చూశారు. దాని తమ్ముడు లాంటి మెథోట్రెక్సేట్‌కి అమెరికాలో కీళ్లవాతం మందుగా అనుమతి వచ్చింది 1988లో. ఇది రోగనిరోధక వ్యవస్థ మొత్తం జోరు తగ్గిస్తుంది. తప్పు చేసిన కణాన్ని వెతికి పట్టుకోదు. కాపలా కణాలని పెంచి ఎక్కించే చికిత్సల మీద ఆశ అంతా ఇందుకే, అవి ఇంకా ట్రయల్స్ దశలో ఉన్నాయి.

చివరగా, పెద్దయ్యాక థైమస్ అక్కర్లేదన్న పాత నమ్మకం సంగతి. గుండె ఆపరేషన్లలో దారికి అడ్డమని సర్జన్లు దాన్ని తీసేయడం మామూలు. మరోవైపు మయస్థీనియా గ్రావిస్ అనే కండరాల బలహీనతలో థైమస్సే జబ్బుని పెంచుతుంది. 1936లో బ్లాలక్ చేసిన ఆపరేషన్‌తో మొదలైన వాదన 2016లో 126 మంది రోగుల ట్రయల్‌తో తేలింది, తీసేస్తే మేలే. కానీ ఆ జబ్బు లేనివాళ్ల మాట? 2023లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ డాక్టర్లు థైమస్ తీయించుకున్న పెద్దవాళ్ల రికార్డులని, అలాంటి ఛాతీ ఆపరేషన్లే అయి థైమస్ మిగిలినవాళ్లతో పోల్చారు. ఐదేళ్లలో మరణాలు 8.1 శాతం, ఇటువైపు 2.8 శాతం. క్యాన్సర్ 7.4 శాతం, ఇటువైపు 3.7. ముందునుంచే జబ్బులున్నవాళ్లని పక్కనపెట్టి చూస్తే ఆటోఇమ్యూన్ జబ్బులు 12.3 శాతం, ఇటువైపు 7.9. ఇది రికార్డుల పరిశీలనే కాబట్టి కారణం ఇదేనని ముద్ర వేయలేం. అయినా ఆ పేపర్ వచ్చాక, అడ్డమొచ్చిందని థైమస్‌ని తీసి పక్కన పడేసే ముందు వీలైతే ఉంచండి అని ఆ డాక్టర్లు సర్జన్లని కోరుతున్నారు.